ఉత్తమ పాఠకుడి భార్య

"ఏటే, పరీచ్చలేటైనా ఉన్నాయేటి నీకు?"

పాలు మాడిన వాసనకి వంటింట్లోకొచ్చి మా బావ అన్న మొదటి మాట అది. పోయిన జనవరిలో ఒక పొద్దున్న. నేను పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాను. కళ్లు పుస్తకంలో ఉన్నాయి, పాలు గట్టు మీంచి నేల మీదికి దిగుతున్నాయి. బావ అంటే నా మొగుడే, జనార్దనరావు. మా మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. పిలుపు మార్చుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. మారాల్సిన అవసరం తనకీ ఎప్పుడూ రాలేదు.

"పరీక్షలేం లేవు బావా" అన్నాను గుడ్డ తీసుకుని.

"మరెందుకు సదవడం?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మా ఇంట్లో చదువంటే పరీక్ష వరకే. మా అమ్మాయి భానుప్రియ విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతోందంటే అందరికీ అర్థమవుతుంది. నేను టెక్కలిలో బీయే చదివానంటే అదీ అర్థమవుతుంది, అయిపోయింది కాబట్టి. పెళ్లీడు కూతురున్న మనిషి పొయ్యి దగ్గర నిలబడి నవల చదవడం ఏ లెక్కలోకి వస్తుందో బావకి తెలీలేదు. ఆ రోజు నాకూ తెలీదు. అందుకే వంగి నేల తుడిచాను.

నాకీ అలవాటు పట్టుకుంది మా షాపు వల్లే. కాశీబుగ్గ బజార్లో మాకు ఎరువులూ పురుగుమందుల షాపు ఉంది. బోర్డు మీద బావ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మధ్యాహ్నం బావ ఇంటికొచ్చి, తిని, పడుకుంటాడు. ఆ వేళ షాపులో నేను కూర్చుంటాను. "కాసేపు కూకో, ఇలగొచ్చేస్తాను" అని మా పెళ్లయిన కొత్తలో అన్నాడు. ఆ కాసేపు ఇంకా నడుస్తోంది. ఏ తెగులుకి ఏ మందో, ట్యాంకుకి ఎంత కలపాలో నాకు నోటికొచ్చు. అయినా షాపులోకొచ్చిన ప్రతి మనిషీ నన్ను చూసి, నా వెనకాల గోడని చూసి, "ఓనరు గారు లేరేటమ్మా?" అంటాడు. సోంపేట నుంచి ధనరాజు అని ఒక కొబ్బరి రైతు వస్తుంటాడు. నేను మందు మోతాదు చెబితే శ్రద్ధగా వింటాడు. తర్వాత మెట్ల కిందికి దిగి బావకి ఫోన్ చేస్తాడు. బావ నిద్రలోంచి లేచి నాకు ఫోన్ చేస్తాడు, "ఒలే, దానికెంత కలపాలి?" అని. నేను చెబుతాను. బావ ధనరాజుకి చెబుతాడు. ధనరాజు మళ్లీ మెట్లెక్కి, "సార్ సెప్పేరమ్మా, ఇప్పుడు ఇవ్వండి" అంటాడు.

మా షాపు మేడ మీద వర్తక సంఘం వాళ్ల రీడింగు రూము ఉంది. ఎవరో పెద్ద వర్తకులు చనిపోయినప్పుడు వాళ్ల ఇళ్లల్లోంచి వచ్చిన పుస్తకాలన్నీ అక్కడ బీరువాల్లో పడున్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, షాపులో పురుగుమందుల వాసనకి తల తిరిగి, పక్క షాపతనికి చూస్తుండమని చెప్పి గాలి కోసం పైకెళ్లాను. కూర్మారావు అని సంఘం మనిషి అక్కడ రెండు బల్లలు కలుపుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూసి గాభరాగా లేచి, నేను పుస్తకం కోసం వచ్చాననుకుని బీరువా తాళం తీశాడు. తీశాక ఊరికే వచ్చానని చెప్పడం బాగుండదని ఒకటి తీసుకున్నాను.

"మెంబర్షిప్పు షాపు ఓనర్లకేనమ్మా" అన్నాడు కూర్మారావు తల గోక్కుంటూ. "ఓనరు గారి పేర్న రాసేత్తాను, మీరట్టుకెళిపోండి."

అలా బావ పాఠకుడయ్యాడు.

తర్వాత ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. భాను హాస్టలుకి వెళ్లిపోయాక ఇంట్లో మాట్లాడే మనిషి తగ్గింది. పనేమీ తగ్గలేదు. నాతో ఎవరైనా మాట్లాడితే ఆ మాట చివర ఒక పని ఉండేది. పుస్తకంలో మనుషులు వాళ్ల గోల వాళ్లు చెప్పుకుంటారు, నన్ను లేచి ఏదీ తెమ్మనరు. అదే బాగా నచ్చిందేమో. అయితే వాళ్లు తెమ్మనకపోయినా ఇంట్లో వాళ్లు తెమ్మనేవారు. ఆ ఏడాది నేను కనిపెట్టిన విషయం ఒకటుంది. నేను కూరగాయలు తరుగుతుంటే ఎవరికీ దాహం వెయ్యదు. బట్టలు మడత పెడుతుంటే ఎవరి కళ్లజోడూ పోదు. పుస్తకం తెరిచానంటే మాత్రం ఇంటిల్లిపాదికీ గొంతెండిపోతుంది. బావకి టవల్ కనిపించదు. అత్తకి కాళ్లు లాగుతాయి. పుస్తకం చేతిలో ఉన్న ఆడది వాళ్లకి ఖాళీ ఆటోలా కనిపిస్తుంది. చెయ్యెత్తితే ఆగాల్సిందే.

అత్త అంటే దేముడమ్మ, బావ తల్లి, నాకు మేనత్త. మనసు మంచిదే, నోరే దాని దారిన అది పోతుంటుంది. "అంతలా సూస్తన్నావు, అందులో దేముడేటైనా కనిపిస్తన్నాడేటే?" అనేది. ఇంకోసారి, పక్కింటావిడతో, "మా కోడలికి ఒంట్లో బాగులేదమ్మా, సదువుతోంది" అంది. ఆవిడ జాలిపడి కొబ్బరి బొండాం పంపింది.

ఎండాకాలం జీడిపళ్ల సమయానికి ఉద్దానంలో మా తోటకి వెళ్లాం. పళ్లేరే వాళ్లకి వంట చెయ్యడం, జీడిపిక్కలు ఎండబెట్టేటప్పుడు కాపలా కాయడం నా వంతు. కాపలా అంటే కూర్చోవడమే కాబట్టి లావుపాటి నవల ఒకటి పట్టుకెళ్లాను. ఎక్కడిదో మంచు దేశం కథ, తెలుగులోకి తెచ్చింది. మనుషుల పేర్లు పలకడానికి నోరు తిరగదు. గుర్రబ్బండి మంచులో కూరుకుపోయింది, లోపల ఒకావిడ చలికి వణుకుతోంది. ఇక్కడ ఉప్పుగాలి, ఎండ, జీడిపళ్లు కుళ్లిన తీపి వాసన. నా గడ్డం మీంచి చెమట చుక్క జారి సరిగ్గా వాళ్ల మంచు మీద పడింది. నాకు నవ్వొచ్చింది. పళ్లేరుతున్న రూప అనే పిల్ల "ఏటక్కా, నవ్వుతున్నారు?" అంది. "ఇక్కడ ఒకావిడకి చలేస్తోంది" అన్నాను. అది నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

చదివినవాటిని ఇంట్లో వాడి చూద్దామని కూడా అనుకున్నాను. ఒక కథలో భార్య "తలనొప్పిగా ఉంది" అని గది తలుపేసుకుంటే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. నేనూ అన్నాను. బావ ఎంతో ప్రేమగా మాత్ర తెచ్చిచ్చి, నీళ్లిచ్చి, మంచం అంచున కూర్చుని, "తగ్గేక సేపల పులుసు పెడతావేటి?" అన్నాడు. రచయిత ఉద్దానం మనుషుల్ని చూసి రాయలేదని అప్పుడు తెలిసింది.

వానాకాలంలో నాకొక పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు. పేరు తెలీదు, రాసినవాళ్లు ఎవరో తెలీదు. అందులో ఒకావిడ తనుండే ఊళ్లోనే, పక్క వీధిలో చిన్న గది అద్దెకి తీసుకుంటుంది. రోజూ మధ్యాహ్నం వెళ్లి కూర్చుంటుంది. అంతే. ఎవరూ రారు, ఏమీ జరగదు. కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తుంది, గోడ మీద ఎండ జరగడం చూస్తుంది, సాయంత్రం ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంది. అది చదువుతుంటే నాకు గుండె దడదడలాడింది. హత్యలున్న నవలలు చదివినప్పుడు కూడా అలా కాలేదు. కూర్మారావు తిరిగిమ్మని అడగలేదు. పేరులేని పుస్తకాన్ని ఖాతాలో ఎలా రాయాలో అతనికి తెలీలేదు.

డిసెంబరులో, అందరం కూర్చుని అన్నాలు తింటుండగా బావ ఫోన్ మోగింది. వర్తక సంఘం ప్రెసిడెంటు తారకేశ్వరరావు గారు. పెద్ద జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయనది. బావ ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని "ఆఁ... ఆఁ... నానా?" అన్నాడు. మొహంలో భయం, సంతోషం కలిసి ఎటూ పోలేక నిలబడ్డాయి. ఫోన్ పెట్టేసి, చారు కలుపుకోవడం మర్చిపోయి చెప్పాడు. సంఘం రీడింగు రూముకి ఈ ఏడాది బాగా పేరు తేవాలనుకున్నారట. రికార్డు చూస్తే జనార్దనరావు ఒక్కడే పుస్తకాలు తెగ పట్టుకెళ్లాడట. ఉత్తమ పాఠకుడిగా సన్మానం చేస్తారట. 'ఈ ఏడాది నేను చదివిన పుస్తకాలు' అని మాట్లాడాలట.

"సదివింది నేనని సెప్పకపోయావా బావా" అన్నాను, నవ్వుతూనే.

"సెప్దామనే అనుకున్నాను. ఆయన మాటాడనివ్వలేదు" అన్నాడు. కాసేపు ఆగి, "అయినా కార్డు నాదే కదేటి" అన్నాడు. ఇంకాసేపు ఆగి, "నువ్వు స్టేజీ మీద మాటాడతావా, సిగ్గు కదా నీకు" అని ముగించాడు. నాకు సిగ్గో కాదో నన్నెవరూ అడిగి తెలుసుకోలేదు. బావ చెప్పేసరికి నేనూ నిజమేననుకున్నాను. అక్కడే నాకు పొరపాటయింది.

భానుకి ఫోన్లో చెబితే పగలబడి నవ్వింది. తర్వాత ఒక్కసారిగా ఆపేసి, "అమ్మా, నీకు కోపం రాలేదా?" అంది.

"పోనీలేవే, నాన్నకి సరదా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గిన్నెలు తోముతూ చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. కోపం రాలేదు. వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలీక రాలేదేమో. మరో సంగతి కూడా ఉంది, చెప్పడానికి నామోషీ. నా పుస్తకాల గురించి ఈ ఇంట్లో ఒక మనిషి నన్ను మొదటిసారి అడగబోతున్నాడు. అది నాకు ఆశగా ఉంది.

అడిగాడు కూడా. వారం పాటు రోజూ సాయంత్రం షాపు నుంచి తొందరగా వచ్చి, వంటింట్లో పీట వేసుకుని, "ఊఁ, సెప్పు" అనేవాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ, చేపలు కడుగుతూ కథలు చెప్పేదాన్ని. ఇన్నేళ్లలో బావ నా ఎదురుగా అంతసేపు కూర్చోవడం అదే మొదలు. మంచులో కూరుకుపోయిన బండి గురించి చెబితే "పాపం, బండాడి మాటిని ఇంటికాడే ఉండొచ్చు కదా" అన్నాడు. ఒక నవలలో మొగుడు భార్యని ఎప్పుడూ పేరు పెట్టి పిలవడని చెబితే "ఎదవ" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆ మాటతోనే, "ఒలే, ఆ టీ ఇలగియ్యి" అన్నాడు. నేను గరిటె పట్టుకుని అలా చూస్తుండిపోయాను. ఏదైనా తట్టిందేమోనని మొహం వెతికాను. టీ చల్లారిందని తప్ప ఏమీ తట్టలేదు.

"నాకు బాగా నచ్చింది ఏటంటే బావా, ఆవిడకి కష్టాలేమీ లేకపోవడం. అయినా ఊపిరాడదు చూడు, అది నచ్చింది" అని ఒక నవల గురించి అన్నాను. బావ అది మనసులో రెండుసార్లు అనుకున్నాడు. పెదాలు కదలడం కనిపించింది.

ఆఖరి రోజు "ఇంకేటైనా ఉన్నాయేటి?" అన్నాడు.

అట్ట లేని పుస్తకం నోటి దాకా వచ్చింది. చెబితే ఏమంటాడో నాకు తెలుసు. "గదెందుకు తీసుకుంది? ఎవడైనా ఉన్నాడేటి?" అంటాడు. ఎవరూ లేరంటే, "మరి అద్దె దండగ కదే" అంటాడు. ఆ రెండు మాటలు విన్నాక ఆ గదిలోకి నేను మళ్లీ వెళ్లలేను.

"అంతే బావా" అన్నాను.

మీటింగు డిసెంబరు ఆఖర్న, కల్యాణ మండపంలో. నేను పట్టుచీర కట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను, పక్కన అత్త. బావ తెల్ల చొక్కాలో స్టేజీ మీద చెమటలు కక్కుతున్నాడు. తడబడతాడని నాకు భయమేసింది. తడబడాలని కూడా కొంచెం అనిపించింది. బావ తడబడలేదు. ఎంత బాగా మాట్లాడాడంటే నేను కూడా చివర్న చప్పట్లు కొట్టాను. మంచు దేశం, గుర్రబ్బండి, పేరు పెట్టి పిలవని మొగుడు, అన్నీ వరసగా వచ్చాయి. "నాకు బాగా నచ్చింది ఏటంటే" అన్నాడు గొంతు తగ్గించి, "ఆవిడకి కష్టాలేమీ లేవు. అయినా ఊపిరాడదు." ముందు వరసలో పెద్దవాళ్లు తలలూపారు. నా మాట అది. చేపలు కడిగిన చేతులతో అన్న మాట. బావ గొంతులో ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో.

బావ అక్కడితో ఆపి కూర్చుని ఉంటే నేను ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

"అందరూ టైము లేదంటారు. టైము మనమే సేసుకోవాలి" అన్నాడు. "దానికి ఇంట్లో సహకారం కూడా ఉండాలి. నేను సదువుకుంటుంటే మా ఆవిడ ఏ రోజూ విసుక్కోలేదు. టీ ఇచ్చేది, సప్పుడు సెయ్యకుండా ఎల్లిపోయేది."

అందరూ నా వైపు చూసి చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. నమస్కారం పెట్టమన్నారు. పెట్టాను. కూర్చోగానే వెనక వరసలో ఉన్న బట్టల షాపు ప్రమోదిని నా భుజం తట్టి, "అదృష్టమంతురాలివి వదినా, మా ఆయనా ఉన్నాడు, సెల్లు తప్ప ఇంకోటి సదవడు" అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ కూర్మారావు నా వైపు చూడకుండా కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. జనం ఇంకా వాటిలోనే కూర్చుని ఉన్నారు.

అత్త మాత్రం నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఆడెప్పుడు సదివేడే?" అంది.

"సదవలేదత్తా."

"నాకు మతి పోయిందేమో అనుకున్నాను" అంది ఊపిరి పీల్చుకుని.

ఇంటికొచ్చాక నాలో ఏదో తేడాగా ఉంది. మర్నాడు మంచు దేశం నవల గుర్తు చేసుకుందామంటే బండి కనిపించింది, మంచు కనిపించింది, అన్నీ బావ గొంతుతో వినిపించాయి. ఊపిరాడని ఆవిడ తెల్ల చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడింది. తోటలో ఎండ, చెమట చుక్క, నేను నవ్వుకున్న నవ్వు, ఏవీ చేతికి దొరకలేదు. ఇచ్చేశాను మరి. అడగ్గానే, ఉల్లిపాయలతో పాటు తరిగి, తినడానికి వీలుగా చేసి ఇచ్చేశాను. భయమేసి అట్ట లేని పుస్తకం తలుచుకున్నాను. గోడ మీద ఎండ ఎక్కడిదక్కడే ఉంది. ఆ కిటికీ దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. అప్పుడు వచ్చింది కోపం. భాను అడిగిన చాలా రోజులకి, సింకు దగ్గర, నెమ్మదిగా, వచ్చి నిలబడింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అప్పటికి నాకు తెలిసింది.

బావ మహా హుషారుగా ఉన్నాడు. వచ్చిన వాళ్లందరికీ సన్మానం శాలువా చూపించేవాడు. "నేనా నవల సదివినప్పుడు" అని మాట మొదలుపెట్టేవాడు. ఒకరోజు నేను ఒక కథ ముగింపు గురించి ఏదో అంటే, "అలగ కాదే, నీకు సరిగ్గా అర్థం కాలేదు" అన్నాడు. అంతలో కొత్త సంవత్సరం వచ్చి, టెక్కలి వర్తకులు ఏడాది ఆఖర్న జరిగే వాళ్ల మీటింగుకి బావని పిలిచారు. ఈ ఏడాది చదివిన కొత్త పుస్తకాల మీద మాట్లాడాలట.

ఆ సాయంత్రం బావ పీట వేసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఇదిగో, ఈ ఏడాది మంచియి సూసి సదువు. లావుపాటియి సదువు. నీతి ఉన్నియైతే బాగుంటాయి. అప్పుడప్పుడు నాకు సెప్తా ఉండు, ఆఖర్న అన్నీ ఒకేసారంటే కట్టం."

నేను వంకాయ తరగడం ఆపాను. "సదువుతాను బావా. సెప్పను."

"సెప్పవా?"

"సెప్పను."

"మరి టెక్కల్లో నేనేటి మాటాడాలి?"

"నువ్వు సదివింది."

బావ నా మొహంలోకి చూశాడు, నవ్వుతున్నానేమోనని. నవ్వడం లేదు. "నాకెక్కడిదే టైము" అన్నాడు. స్టేజీ మీద తను అన్న మాట తనకే అడ్డొచ్చినట్టుంది, అక్కడితో ఆగిపోయాడు.

"మధ్యాహ్నం షాపులో బేరాలు తక్కువ" అన్నాను. "మంచి టైము. రేపట్నుంచి నువ్వే కూచో. నేను ఇంట్లో ఉంటాను. టీ పంపిస్తాను."

"మరి నా నిద్ర?"

హాల్లోంచి అత్త పలికింది. "నీకు అచ్చరం ముక్కలొచ్చు కదరా. బడికి పంపలేదేటి నిన్ను?"

ఇల్లేమీ తలకిందులవ్వలేదు. బావ రెండు రోజులు ముభావంగా తిన్నాడు. మూడో రోజు భోజనం చేసి, మంచం వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని షాపుకి వెళ్లిపోయాడు. వెళ్తూ టీవీ పక్కన నేను పెట్టిన నవల తీసి సంచీలో వేసుకున్నాడు, నేను చూడలేదనుకుని. నేను అంట్లు సింకులోనే వదిలేసి, భాను గదిలోకెళ్లి, ఫ్యాను వేసుకుని, మంచానికి అడ్డంగా పడుకుని పుస్తకం తెరిచాను. అత్తకి దాహం వేసింది. తనే లేచి తాగింది.

కాసేపటికి ఫోన్ మోగింది. బావ. ధనరాజు మందు కోసం అనుకుని తీశాను.

"ఒలే, విజయకుమారీ" అన్నాడు. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, షాపులో ఎవరో ఉన్నట్టున్నారు. "ఈ మొదటి పేజీలోనే ఒకావిడ ఏడస్తా ఉంది. ఎవరే ఈవిడ? ఎందుకేడస్తంది?"

"పేజీ తిప్పు బావా" అన్నాను.